మైనస్ మూడు సెకన్లు

రాతి పొరల సందుల ఫ్లోరైడు ఎట్ల జారుతదో
లెక్కగట్టే ప్రోగ్రాం మాది.
నల్లగొండల, జిరాక్సు షాపు మీది గది.
నలభై ఏండ్ల నీళ్లను ఒక్క రాత్రిల పారిస్తది,
ఏ పనికి ఎంతసేపు పట్టిందో
ఆఖరుకు ఒక పట్టిక రాసిపెడుతది.

మంగళారం పొద్దుగాల పట్టికల
గ్రానైటు పొర ఎదురుంగ:
మైనస్ మూడు సెకన్లు.

మొదలువెట్టక ముందే పని అయిపోయిందట.
రోడ్ల కంట్రాక్టరు కూడా
బిల్లుల ఇంత అబద్ధం రాయడు.

తొమ్మిది రోజులు తవ్విన.
లూపుకు ముందొక ప్రింటు, ఎనుకొక ప్రింటు.
ఆపకుండ మర్చిన టైమరొకటి దొరికింది,
రెండుమాట్ల మొదలైంది ఇంకోటి.
దిద్దిన. మైనస్ పోలే.
నేను కావలి కూసుంటే రాదు,
ఇంటికి పోయి పండుకుంటే వస్తది.

గురువారం సీసాల సంచితోని అండాలక్క వచ్చింది.
ఎర్రకుంటపల్లి దిక్కు బోరింగుల నీళ్లు పట్టేది ఆమెనే.
మూత మీద ఊరు, తారీఖు, టైము రాయాలె.
టైము కాడ "మున్నూరు" అని ఉంది.

"ఇదేందక్కా?"
"మున్నూరు దెబ్బలు కొట్టినంక పట్టిన నీళ్లు.
ఫోనుల టైము ఓసారి ముందుకు, ఓసారి ఎనుకకు.
నా చెయ్యి ఎనుకకు కొట్టదు గద."

సీసా చేతుల అట్లనే ఉంది.

రాత్రి రెండింటికి కరెంటు పోతది.
ఇన్వర్టరు మిషన్ను కాపాడుతది, రూటర్ను కాదు.
కరెంటు వచ్చి నెట్టు లేవంగనే
రోజుకింత ఉరికే మా ముసలి కంప్యూటరు
ఎక్కడనో ఉన్న గడియారాన్ని అడిగి
నాలుగు సెకన్లు ఎనుకకు జరుగుతది.
సరిగ్గ ఆ గడియల,
సెకను పనితోని, గ్రానైటు దొరికిపోయింది.

దిద్దింది ఒక్క లైను.
తారీఖు చెప్పే గడియారాన్ని అడుగుడు మాని,
మిషను లేచిన కాన్నుంచి
టిక్కులు లెక్కవెట్టే కౌంటర్ను అడిగిన.
దానికి పొద్దు తెల్వది, పండుగ తెల్వది,
ఇయ్యాల ఏ వారమో తెల్వది.
పక్కన కామెంటుల ఏం రాయాల్నో తోచక
"మున్నూరు" అని రాసిన.

ఇప్పుడు పట్టిక నిజం చెప్తుంది:
గ్రానైటుకు సెకను కూడా పడ్తలేదు,
సగం రాత్రి ఫైళ్లు రాసుకునుడుకే పోతుంది.
ఆర్నెల్ల సంది మేము సానవట్టింది
ఆ రాయినే.

నీళ్ల లెక్కల మాత్రం ఒక్క అంకె మారలే.
టైమరు తప్పున్నప్పుడు ఎంత విషమో
ఒప్పైనంక గూడ అంతే.

అండాలక్క ఇంకా నిలబడే ఉంది,
బస్సు కిరాయి కాయితం మీద
సంతకం కోసం.