పదిహేడో గూడు

రాత్రి పదిన్నరకి నా పని మొదలు.
శాసనసభ భవనం, ఉత్తరపు నడవా,
పదహారు కంచు తలలు.
మెడ కింద ఒళ్ళు లేదు ఎవరికీ,
అందుకేనేమో ఎవరూ అలిసిపోరు.

నెబ్రాస్కా గొప్పవాళ్ళు వీళ్ళంతా.
పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు నేను,
దుమ్ము తుడిచి నేర్చుకున్నాను.

గవర్నర్ థార్న్‌బరోకి
దుమ్మంతా చెవుల్లోనే పేరుకుంటుంది.
బతికుండగా కూడా అంతేనట,
ఎవరి మొరా ఆ చెవుల్లోకి దూరేది కాదని
మా తాత అంటుండేవాడు.
రైలు దారి వేయించిన క్రెన్షా మీసం
పళ్ళు తోముకునే బ్రష్షుకి తప్ప లొంగదు.
చక్కెర దుంప తెచ్చిన ప్రొఫెసర్ ముక్కు ఒక్కటే
కొత్త చెంబులా తళతళ.
బడిపిల్లలు వరసకట్టి వచ్చి నిమిరి పోతారు,
నిమిరితే మార్కులొస్తాయట.
ఆయనకి పిల్లలంటే ఒళ్ళుమంట.
ఫలకం మీద ఆ ముక్క చెక్కలేదు.

జడ్జి డెలానో విప్పిల్ దగ్గరికొచ్చేసరికి
చేతిలో గుడ్డ కాస్త బిగుసుకుంటుంది.
నది ఒడ్డున మొక్కజొన్న వేసుకుని బతికేవాళ్ళని
ఒక్క సంతకంతో
మంచు కరగని నెలలో దక్షిణానికి నడిపించాడు.
"హద్దుల తగవు తేల్చిన మహానుభావుడు"
అని ఉంది కింద.
తేల్చాడు, కాదనను.
మునిగినవాళ్ళ లెక్క ఏ ఫలకం మీద ఉంది?

బాయిలర్ గదిలో పనిచేసే లెరోయ్ లెక్లేర్
ఈ నడవాలో అడుగు పెట్టడు.
వెనక మెట్లెక్కి, రెండంతస్తులు చుట్టి వస్తాడు,
మోకాళ్ళు అరిగిపోయినా సరే.
ఎందుకని నేనడగలేదు.
కాఫీ మాత్రం ఇద్దరం కలిసే తాగుతాం.

ఇక పదిహేడో గూడు.
ఖాళీ.
పన్నెండేళ్ళుగా కమిటీ కొట్టుకుంటోంది,
సైన్యాధిపతి అని నలుగురు,
ఫుట్‌బాల్ కోచ్ అని అయిదుగురు.
వాళ్ళ తగవు తెగేదాకా
అక్కడ నా బకెట్టు పెట్టుకుంటాను.
పైన దీపం సరిగ్గా దాని మీదే పడుతుంది.
ఓ రాత్రి సభ నుంచి ఆలస్యంగా లేచొచ్చిన కుర్ర సెనేటరు
నిద్రమత్తులో నా బకెట్టు ముందాగి
టోపీ తీశాడు.

నన్నడిగితే, ఎవరూ అడగరులెండి,
బోజెనా క్లిమెష్ పేరు చెబుతాను.
ముప్పైలలో మట్టి లేచి
పట్టపగలు లాంతర్లు వెలిగించుకున్న రోజుల్లో
పొలానికీ పొలానికీ కంచె తీగ పట్టుకుని నడిచేది.
ఉయ్యాల మీద తడి దుప్పటి పరిచి
అది ఎండేలోగా మళ్ళీ తడిపి
తెల్లార్లూ అదే పని.
పసివాళ్ళ ముక్కుల్లో మట్టి
తన చీటీ గుడ్డ కొసతో తీసేది.
ఆ దుప్పటి కింద ఊపిరి పీల్చిన వాళ్ళలో
మా అమ్మ ఒకతె.
ఆ దుప్పటి దాచుకున్నారా అని అడగకండి.
చింపి గిన్నెలు తుడుచుకున్నాం.

ప్రతిపాదన ఫారం ఒకటి తెచ్చుకున్నాను.
జన్మస్థలం అన్న చోట "ఓడ" అని రాశాను.
చదువు అన్న చోట గీత పెట్టాను.
రాష్ట్రానికి చేసిన సేవ అని
మూడు అంగుళాల గడి ఇచ్చారు,
మా అమ్మ, మా అమ్మ తమ్ముడు, హావ్రానెక్ కవలలు,
పేర్లు రాస్తూ పోతే గడి దాటి
కమిటీ వాడుకకు మాత్రమే అన్న చోటికి పాకాయి.
ఫోటో జతచేయమన్నారు.
ఫోటో లేదు. ఆమె ముఖం ఎలా ఉండేదో
చెప్పగలిగిన ఆఖరి మనిషిని
పోయిన అక్టోబరులో పాతిపెట్టాం.

ఫారం నా అల్మారాలో ఉంది,
సబ్బు డబ్బా కింద.

ఇది మార్చి. తెల్లవారుజామున
ప్లాట్ నది వైపు కొంగలు పోతున్నాయి,
గొంతులు కిటికీ అద్దానికి తగులుతున్నాయి.
ఈ నేల మీద అవి గూడు కట్టవు,
నాలుగు గింజలు ఏరుకుని వెళ్ళిపోతాయి.

బకెట్టు పక్కకి జరిపి
పదిహేడో గూడు తుడుస్తాను.
తల లేని చోటే
ఎక్కువ దుమ్ము పడుతుంది.