ముందు వరస కుర్చీ

ఈ వారం నుంచి రాయను, వీరభద్రప్పా.
మూడో పేజీ అడుగున
నాకని వదిలే ఆ జానెడు జాగాలో
విత్తనాల అంగడి ప్రకటనో
తప్పిపోయిన ఎద్దు సంగతో వేసుకో.

అలిగి కాదు.
కండ్లు బాగానే ఉండాయి, చెయ్యి వణకదు.
జిన్నింగు మిల్లులో ముప్పై ఏండ్లు
పత్తి బేళ్ల లెక్క రాసిన చెయ్యి ఇది.
పగలు తూకం, రాత్రి నాటకం.
రెండిట్లోనూ తరుగు తీయడమే నాకు తెల్సిన పని.

కౌతాళంలో, ఆలూరులో, ఆదోని మార్కెట్ యార్డులో
దుమ్ము మీద పరిచిన టార్పాలిన్ల ముందర
నాకొక ఇనుప కుర్చీ.
"సారొచ్చినాడు" అంటే
తెర వెనక హార్మోనియం అర శృతి దిగేది.
మర్యాద అనుకున్యా శానా ఏండ్లు.
భయమని తెలిసేసరికి
మీసం తెల్లబడింది.

మొన్న హాలహర్విలో కాటి సీను.
ఇరవై ఏండ్ల పిల్లోడు, బేల్దారి పనికి పోతాడంట,
గోర్లల్లో సిమెంటు ఇంకా పోలేదు,
పౌడరు మీద చెమట గీతలు.
రాగం తీసినాడు.
వాని గొంతు పైకి పోయి
లైటు చుట్టూ తిరిగే ఉసుళ్ల దాకా పోయి
ఆడనే నిలబడింది.
నా పక్కన శెనగబుడ్డలు ఒలిచే ముసలామె
పొట్టు ఒళ్లోనే మరిచి
రెండు చేతులూ గదవ కింద పెట్టుకుంది.
అందరూ ఆగినారు.
ఒక్క నా పెన్ను ఆగలేదు.
కిందికి చూస్తే కాగితం మీద
"పై స్థాయిలో నిలకడ లేదు" అని ఉంది.
ఎప్పుడు రాసినానో.
వాడు నోరు తెరవకముందే
రాసేసినట్టుంది చెయ్యి.

ఆ వాక్యాన్ని గుర్తుపట్టినా.
ముప్పై ఆరేండ్ల కిందటిది, నాదే,
దస్తగిరి మీద రాసింది.

దస్తగిరి నీకు తెలుసు,
పాత బస్టాండు కాడ సైకిలు అంగడి.
వాడు రాజు వేషం కడితే
కిరీటం అట్టదని ఎవురికీ గుర్తుండేది కాదు.
నేను రాసినంక
ఎవురూ పిలవలేదని కాదు, వాడే పోలేదు.
నన్నెప్పుడూ ఏమీ అనలేదు.
గాలి కొడతాడు, రూపాయి తీసుకోడు,
"పెద్దోల్లు, మీ దగ్గరేంది" అంటాడు.
పంపు తోసేటప్పుడు
పెదవుల మధ్య ఏదో మెదులుతుంది,
నేను దగ్గరికొస్తే ఆగిపోతుంది.
అది కాంభోజి అని నాకు తెలుసు.
నాకు తెలుసునని వానికీ తెలుసు.

నిన్న పోయినా.
చక్రాల్లో గాలి నిండుగానే ఉంది.
"నేను రాయడం మానేస్తుండా, దస్తగిరీ" అంటిని.
వాడు ట్యూబును నీళ్లలో ముంచి
బుడగ యాడ నుంచి వస్తుందో చూస్తా చూస్తా
"ఇప్పుడా సార్" అన్నాడు.
అంతే.
ఆ రెండు మాటల మీద
నేనేమీ రాయలేను.

ఇంట్లో ట్రంకు నిండా నోటుబుక్కులు.
మా నాగరత్న తూకానికి వేద్దామంటుంది.
తిరగేసి చూస్తి.
మంచి మాటలు లేవని చెప్పను.
ఎవురో ఒకాయన ఆడవేషంలో
మెట్టు దిగుతా చీర కుచ్చిళ్లు పట్టుకున్న తీరు.
వాన పడితే గొడుగు హార్మోనియానికి పట్టి
తాను తడిసిన మాస్టరు.
వాళ్లు పోయినారు.
ఈ గీతల్లో తప్ప ఇంగ యాడా లేరు.
తూకానికి వద్దన్నా.
ఎందుకో చెప్పబోయేసరికి
ఆమె పెట్టె మూసి, దాని మీదే కూచొని
చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తాంది.

శనివారం పెద్దకడుబూరులో ఆట.
పోతా, ఎట్ల పోకుండా ఉంటా?
ఇనుప కుర్చీలో ఎవురినైనా కూచోబెట్టుకోమను,
కాలు నొప్పి ఉన్నోల్లను ఎవురినైనా.
నేను వెనకాల, సోడా బండి కాడ,
మైకు సగమే వినపడే చోట కూచుంటా.
పద్యం ఎత్తుకోగానే
చెయ్యి జేబు తడుముకుంటుంది, తెలుసు.
తడుముకోనీ.
దానికి పది రూపాయల బుడ్డలు కొనిచ్చి
ఒలుచుకోమంటా.