కానాగంతల గ్రాఫు

గళ్ళకాయితం మీద సున్నా ఎక్కడ పెట్టాలో
మూడు వారాలు నాకు అంతుపట్టలేదు.
జగదాంబ దగ్గర మేడమీద ట్యూషన్లో
గొర్లె సింహాద్రి మాస్టారు బోర్డు నిండా వంకరలు గీసి
"ఇది గీత కాదమ్మా, నడత" అనేవారు.
"ఎక్స్‌ని అడుగు, వై చెబుతుంది.
ఒక్క ప్రశ్నకి రెండు జవాబులిచ్చేదాన్ని
ప్రమేయం అనం."
నేను కైలాసగిరి ఘాట్ రోడ్డు గీశాను,
మెలిక తిరిగి తన మీదకే వచ్చే దారి.
ఆయన నిలువుగా స్కేలు ఆనించారు.
స్కేలు దాన్ని మూడుచోట్ల కోసింది.
"రోప్‌వే అయితే ఒప్పుకుంటాను."

ఆ శనివారం పుస్తకం మూసేసి
హార్బర్లో అమ్మ గంప పక్కన కూర్చున్నాను.
అడ్డంగా గంటలు, నిలువుగా రూపాయలు.
ఐదున్నరకి కిలో కానాగంతలు రెండొందల నలభై.
ఏడుకి రెండొందలు.
ఎండ రేకుల షెడ్డు అంచు దాటి
ఐసు మీద పడగానే గీత మెడ వంచింది.
తొమ్మిదికి నూట ముప్పై, పదకొండుకి ఎనభై.
ఆ తర్వాత తగ్గడం కూడా తగ్గింది:
డెబ్బై, అరవైఅయిదు, అరవైరెండు.
"అరవైకి ఇచ్చెయ్యి నూకరత్నం" అన్నారెవరో.
అమ్మ ఇవ్వలేదు.
మాస్టారు చెప్పిన అనంతస్పర్శరేఖ
అమ్మ దవడ బిగింపులో కనపడింది.
"బోటోళ్ళకి యాభై, ఐసుకి అయిదు, ఆటోకి అయిదు.
దాని మీదకి నాను దిగను."

రాత్రి చుక్కలన్నీ కలిపి, నునుపుగా దించి
గర్వంగా చూపించాను.
సంతకం రాని అమ్మ
పొలుసంటిన వేలిని గీత వెంట నడిపి
ఒకచోట ఆపింది.
"ఇక్కడ తప్పేసినావు."
"ఏటి తప్పు?"
"పదిన్నరకి మెస్సు గున్నయ్యొస్తాడు. వంటకి ఆలస్యమైపోద్దని
బేరమాడడు. నూట పాతిక.
ఆడెల్లిపోయేక మళ్ళీ దిగుతాది."

పదిన్నరకి నేను టీ తాగడానికి పోయాను.
రెండు చుక్కల మధ్య
ఏమీ జరగలేదనుకుని గీసేశాను.

సోమవారం ఆ చిన్న గుట్టతో సహా చూపిస్తే
మాస్టారు కళ్ళజోడు తీసి దగ్గరగా పెట్టుకుని చూశారు.
"మరి వేసవిలో?"

ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా వేట లేదు.
పడవలు కట్టేసి, గంప బోర్లించి.
అప్పుడు ధర సున్నా అని రాయబోయి ఆగాను.
సున్నా అంటే ఊరికే ఇచ్చేయడం.
ఇది ఇవ్వడానికే లేకపోవడం.
ఏడాది గ్రాఫులో అరవై ఒక్క గళ్ళు లెక్కపెట్టి వదిలి
ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి
బోలు చుక్కలు చుట్టాను.
మాస్టారు మొదటిసారి నా కాయితం మీద
టిక్కు పెట్టలేదు, కొట్టివేయలేదు. మడిచి నాకే ఇచ్చారు.

ఆ ఖాళీలో తెగకుండా నడిచే గీత
ఇంకొకటి ఉందని అమ్మ చెప్పలేదు.
జూన్ మొదట్లో ఆమె బోసిచెవులు చూసి
వడ్డీ ఎంతని అడిగాను.
నూటికి మూడట.
కొత్త కాయితం తీశాను.
దీనికి సున్నా ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు.