తక్కెడ ముల్లు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
ఉల్లిపాయల గోనెలకీ గోడకీ నడుమ
ఒక మనిషి కూర్చునేంత చోటు నాది.
నన్నేసాహెబు, తూకాల రిపేరు.
బోర్డు మీద సాహెబుని ఉప్పుగాలి తినేసింది,
రిపేరు మిగిలింది.

పోర్టు నించి దుమ్ము వస్తుంది.
పొద్దున్న తుడిచిన పళ్లెంలో
మధ్యాహ్నానికి అర గ్రాము చేరి ఉంటుంది.
ఎవరి ఇనుమో, ఎవరి బొగ్గో,
ఊపిరితిత్తులు మాత్రం మావి.
దానికి బిల్లు ఎవరి పేర రాయాలో
ఏ ఆఫీసులోనూ చెప్పరు.

మొన్న హార్బర్ నించి ఒకడొచ్చాడు.
కంప్యూటర్ కాటా, కొత్తది,
ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.
"కిలోకి యాభై గ్రాములు తినీయాల సాయిబూ,
రిమోటు నా జేబులో ఉంటాది."
తల అడ్డంగా ఊపాను.
"ఏటి నీ భయం? ఇనస్పెక్టరు మనోడే,
ఏడాదికోపాలి వస్తాడు."
ఏడాదికోసారి వచ్చేవాడి సంగతి కాదురా నాయనా,
అసలు వెళ్లనే వెళ్లనివాడు ఒకడున్నాడు.
పైకి అనలేదు.
అంటే, బజార్లో మతం మాట్లాడాడంటారు.

మతం ఇంట్లో పెట్టుకో అంటారు.
పెట్టుకుందును, ఇల్లు ఇవ్వాలి కదా.
కొడుక్కి ఎంవీపీ కాలనీలో వాటా అడిగితే
ప్రెసిడెంటుగారు కాఫీ ఇచ్చి మరీ చెప్పారు,
"మాకలాంటి పట్టింపుల్లేవండీ, మేం సెక్యులర్.
అసోసియేషనే ఒప్పుకోదు."
కాఫీ బాగుంది.

సరే, నా మతం ఇంట్లోనే ఉంది.
వడ్డీ మాత్రం వీధిలో తిరుగుతోంది,
ఫోన్లోకి దూరి కోడల్ని పేరు పెట్టి పిలుస్తోంది.
మూడు వేలు తీసుకున్న పిల్ల
తొమ్మిది కట్టి ఇంకా బాకీ.
ఫొటో నలుగురికీ పంపుతానన్నవాడికి
కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయట.
వడ్డీ హరామ్ అన్న నా మాటకే
కాగితం లేదు.
మందు దుకాణానికి టెండరు పిలిచేదీ సర్కారే,
తాగి పడ్డవాణ్ణి లాఠీతో లేపేదీ సర్కారే.

రంజాన్ ఇరవయ్యో రోజుకి
అట్టపెట్టెలో టోపీలు దిగుతాయి, డజను లెక్కన.
నాయకుడి నెత్తిన టోపీకి ధర చీటీ ఇంకా ఊగుతూనే ఉంటుంది.
ఖర్జూరం సగం కొరుకుతాడు,
కెమెరా తిరిగాక మిగతా సగం టిష్యూలో చుడతాడు.
మర్నాడు ఇంకో పార్టీ. అవే టోపీలు.
నా ఓటు ఏ పళ్లెంలో వేసినా ముల్లు కదలదు.
కాడని ఎవరో వేలితో నొక్కి పట్టుకున్నారు.

మావాళ్లనీ వదలను.
వక్ఫు కొట్టు అద్దె ఇరవై ఏళ్ల కిందటి రేటు,
అందులో కూర్చున్నది సదర్ సాబ్ బావమరిది.
జుమా నాడు పొరుగువాడి ఆకలి గురించి విని
అందరం కళ్లు తుడుచుకున్నాం.
బయట మెట్ల మీద చెప్పులు సర్దే జైతున్‌బీకి
మళ్లీ చిల్లర దొరకలేదు.

నేను రాజ్యం అడగను.
రాజ్యాన్ని తూచే రాళ్లు నా పెట్టెలో లేవు.
అడిగేది ఒకటే.
నా తూకంరాళ్లకి రెండేళ్లకోసారి
కింద సీసం పోసి ముద్ర కొడతారు మీరు.
మీ రాళ్లకి ఎవరు కొడతారు?
మీరే కొట్టుకుంటే
దాన్ని మా బజార్లో ముద్ర అనం.

ఈ సాయంత్రం చోడిపిల్లి మసేనమ్మ వచ్చింది,
తడి తట్ట నెత్తిన, వాళ్లమ్మనాటి చేతి తక్కెడ చంకన.
"ముల్లు ఇటేపు లాగుతోంది సూడు సాయిబూ."
చూశాను. లాగుతోంది,
కొనేవాడి వైపు.
"అలాగే ఉండనీకపోయావా, నీకే కదా నష్టం?"
"నష్టం నాదే. సరిసేయమన్నాను గానీ
నాకేసి తిప్పమన్లేదు.
తప్పు తూస్తే గంగమ్మ ఊరుకుంటాదేటి?"

ఈమెకి ఎవరూ చెప్పలేదు కాబోలు
మతం ఇంట్లో పెట్టుకోమని.
చేపలతో పాటు తట్టలో వేసుకొచ్చింది.

అసర్ అజాన్ అయింది.
పోగు బిగించి, ఖాళీ పళ్లేలు ఎత్తి పట్టుకున్నాను.
ముల్లు కాసేపు వణికింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.
పోర్టు వైపు నించి మళ్లీ గాలి లేచింది.