పాత పేరు

ఓడ పేరు సుత దొరికిందట వాళ్ళకు.
పదకొండు తరాలు వరుసగ రాసి పంపిండ్రు.
మొదటాయన ఏబ్నర్ థార్న్‌బీ, నేతగాడు,
రాజు ముంగట టోపీ తియ్యనని జైలు పడి
పెండ్లాం పిల్లలతోని సముద్రం దాటినోడు.
అడుగున ఒక్క గడి ఖాళీ.
"హన్నా, మూడేండ్ల పాప. దేవరకొండలో మరణం.
సమాధి జాడ తెలుపగలరు."

సమాధుల దొడ్డి తాళంచెవి మా ఇంట్లనే ఉంటది.
సర్కారు తుమ్మ కొట్టిస్తె రెండు దినాలు పట్టింది.
మూడోనాడు రాయి తగిలింది, మోకాలెత్తు గూడ లేదు.
పేరు. "నాలుగో నెల, తొమ్మిది."
నెలలకు దేవతల పేర్లు వాళ్ళు పలకరట.

ఆ బంగ్లల వంట చేసింది మా తాత వాళ్ళమ్మ.
ఐతారం ప్రార్థనంటే కండ్లు మూసుకొని
గంటసేపు ఊకె కూసునుడేనట.
పాట లేదు, వాక్యం లేదు,
పొయ్యి మీద పప్పు ఉడికే చప్పుడొక్కటే.
"దొరసాని అనకు. నువ్వు అను" అన్నదట ఆమె.
గడి ముంగట చెప్పులు చేతపట్టుకొని నడిచిన మనిషి,
నోరెట్ల తిరుగుతది?
మూడేండ్లు ఏమీ అనకుంటనే పిలిచింది.
పాపను మట్టిల పెట్టినాడు అన్నది:
"నువ్వు ఏడువు."

వాళ్ళు నీళ్ళల్ల ముంచరట. తర్వాత వచ్చిన మిషనోళ్ళు ముంచిండ్రు.
చర్చి బీరువల పుస్తకం, చెదలు తిన్నంత తినంగ మిగిలింది:
రిబ్కా. వయసు ముప్పై, సుమారు.
పాత పేరు: ఒక అడ్డగీత.
తండ్రి పేరు: ఇంకో అడ్డగీత, కొంచెం వంకరది.

ఆ పేర్లు నోటికి తెల్సినాయన ఒకడుండె.
డక్కలి పోచయ్య. ఏడాదికొకపారి వచ్చి, పటం విప్పి,
మా తరాలు చదివి త్యాగం అడిగెటోడు.
"దేవుని బిడ్డలమైనం, ఇంక మాకెందుకు" అని
మా తాత గడప కాడికెల్లే మర్లగొట్టిండు.
పటం చుట్టి సంకల పెట్టుకొని
డిండి దిక్కు పోయిండట, మా వాళ్ళందర్నీ తీస్కొని.

ఆయన మనుమడు కిష్టప్ప కల్వకుర్తిల ఆటో నడుపుతడు.
ఫోన్ల నవ్విండు.
"సగమే నేర్చుకున్ననక్కా. మీ ఇంటివి నాలుగు పేర్లు యాదికున్నయి.
ఊకె చెప్పరాదు మరి. అరవై ఏండ్ల బాకీ."
నాలుగు పేర్లకు ఎంతియ్యాలె?
బియ్యమా, ధోవతా, ఆటోకు డీజిలా?

రాయి ఫోటో పంపిన. జవాబు తెల్లారే వచ్చింది,
వాళ్ళు ఏడ్చిండ్రట.
"మీ కుటుంబం వివరాలు కూడా రాయగలరు."
అడ్డగీత గీసిన.
కొట్టేసిన.
ఐతారం తర్వాత, అని రాసిన.