చక్కెర పద్దు

ప్రతి నవంబరులోనూ వస్తారు, మారిబోర్‌లో ద్రావా నది ఒడ్డున మా ఇంటికి.
గొడుగులు దులుపుకుని, మెట్ల మీద బురద వదిలి,
చచ్చి అరవై ఏళ్ళయినవాడి కోసం
గొంతులు చించుకోవడానికి.

బోగోమిల్ అని పేరు. దేవుడికి ఇష్టుడని అర్థం.
దేవుడూ లేడు, ఇష్టమూ లేదు,
సున్నకు సున్న హళ్ళికి హళ్ళి అని
నాలుగు వందల పేజీలు రాసి పోయాడు.

సిరిల్ కూర్చోడు.
రైల్వేలో టికెట్లు కత్తిరించిన చేత్తో
గాలిని కత్తిరిస్తూ అంటాడు:
"ఏదీ నిజం కానప్పుడు బలమున్నవాడికి దారివ్వండి,
ఈ మాట వాడు రాశాడా లేదా?
దాన్నే చొక్కాలకి గుండీల్లా కుట్టుకుని
మా నాన్న వీపు మీద నడిచారు."

స్టాంకో కళ్ళజోడు తుడుస్తాడు. తుడుస్తూనే ఉంటాడు.
"అది వెటకారం, సిరిల్. ముందు పేజీ చదువు.
వెక్కిరింతని వేదం చేసుకున్నది వాళ్ళు."

తింకారా, పరిశోధన చేస్తున్న పిల్ల, కిటికీ దగ్గర్నుంచి:
"తుపాకులున్నవాళ్ళ ముందు వెటకారమాడి
వాళ్ళకి అర్థం కాలేదంటే ఎలా?
అర్థమైంది. వాళ్ళకి కావలసినంత."

అప్పుడు అందరూ నావైపు చూస్తారు.
అతను అద్దెకున్నది మా వెనక గదిలోనే మరి.
నేను కాఫీ పోస్తాను.

నా దగ్గరున్నది అమ్మ రాసిన చిట్టా ఒక్కటే.
బొగ్గు రెండు బస్తాలు, బాకీ.
దుప్పటి ఉతుకు, బాకీ.

ఆ యుద్ధపు నవంబరులో
మూడో అంతస్తులో ఫొటోలు తీసే లియోపోల్ద్‌ని
తెల్లవారకముందే ఈడ్చుకుపోయారు.
బూటొకటి మెట్ల మీద మిగిలింది.
పొద్దున్నే ఈయన వచ్చి
"రాత్రి ఆ చప్పుడేమిటి, కంటిమీద కునుకు లేదు" అన్నాడట.
అంతే. బూటు దాటుకుని వెళ్ళాడట.
ఆ దాటడాన్ని అమ్మ చచ్చేదాకా చేసి చూపించేది,
గౌను అంచు కొంచెం ఎత్తి పట్టుకుని.

ఏమీ లేదన్నవాడికి
ఎవరూ లేరని కూడా అనిపించిందా?

కానీ ఆ మర్నాటి నుంచి చిట్టాలో, ఈయన పేరు కింద
చక్కెర: సున్న.
చక్కెర: సున్న.
ఈస్టరు దాకా, అమ్మ గుండ్రటి చేతిరాతలో.
కప్పుకి మూడు చెంచాలు వేసుకునే మనిషి.

దుఃఖమా?
ఊళ్ళో చక్కెర లేదా? మా పద్దులో జనవరి దాకా ఉందే.
లేక అమ్మే కోపం కొద్దీ పెట్టడం మానేసిందా?
నలభై ఏళ్ళుగా చదువుతున్నాను ఆ సున్నని,
ఒక్కో ఏడు ఒక్కోలా.

నిరుడు చిట్టాని ఒళ్ళో పెట్టుకుని కూడా కూర్చున్నాను,
పైన తువ్వాలు కప్పి.
స్టాంకో చూస్తే బోనులోంచి విడిపిస్తాడు,
సిరిల్ చూస్తే మళ్ళీ ఎక్కిస్తాడు.
తియ్యలేదు.

అందరూ వెళ్ళాక దీపం ఆర్పి దిగుతుంటే
మూడో మెట్టు మీద సిరిల్ టోపీ.
దాటబోయాను. గౌను అంచు అప్పటికే చేతిలో ఉంది.
ఆగి, వంగి తీశాను.
మోకాళ్ళు కలుక్కుమన్నాయి.