శివారు ముందు

మోటారు గది గోడకి నాలుగు మేకులు కొట్టి
తెల్ల డబ్బా ఒకటి తగిలించింది నూకరత్నం.
సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దది.
"ఇక ఇదేనండి బాబాయిగారూ, మీ లాకు."

ముప్పై ఒక్క ఏళ్ళు లస్కరు పని చేసినవాణ్ణి.
నా లాకు తలుపులు రెండు నిలువుల ఎత్తు.
మర తిప్పితే భుజం కీలు మూలిగేది,
గ్రీజు వాసన అన్నం ముద్దదాకా వచ్చేది.
దీనికి బొటనవేలు చాలట.

పెరడు యాభై సెంట్లు.
కొబ్బరి పద్దెనిమిది, వక్క ముప్పై,
అరటి పిలకలకి లెక్క లేదు.
ఒండ్రు పోసిన చోట కంద, ఇసుక తేలిన చోట మల్లె,
అన్నిటికీ అవతల, కంచె వార,
వద్దన్నా వినకుండా మా ఆవిడ నాటిన పంపరపనస.

ఆరు వాల్వులు. ఆరు రంగుల తీగలు.
అన్నిటికీ ఉమ్మడిగా ఒక తెల్ల తీగ.
"ఇది తెగితే ఎవరికీ నీళ్ళుండవండి" అంది.
ఆ సంగతి నాకు కొత్త కాదు,
గండి పడ్డ పెద్ద కాలువని చూసినవాణ్ణి.

పాదులో ఒక పుల్ల గుచ్చింది, తడి చెబుతుందని.
నేను పిడికెడు మట్టి తీసి నొక్కాను. ముద్ద కట్టింది.
పుల్ల కూడా అదే చెప్పింది.
కొంచెం గౌరవం కలిగింది దాని మీద.

వైఫై మాత్రం ముందు గదిలో బయల్దేరి
రెండు గోడలు దాటేసరికి చతికిలబడింది.
రూటర్ని కిటికీలో పెట్టాం, బియ్యం డబ్బా మీద పెట్టాం.
ఆఖరికి మా ఆవిడ ఇత్తడి బిందె బోర్లించి
దాని మీద కూర్చోబెట్టింది.
పచ్చలైటు వెలిగింది.
బిందె మహిమో, ఆవిడకి జడిసిందో!

జోన్లకి పేర్లు పెట్టమంది ఫోను.
'కొబ్బరి ఒకటి' అని కొడుతున్న పిల్లని ఆపాను.
పెద్ద బోదె, చిన్న బోదె, మెరక, పల్లం, ఇసుక పర్ర.
ఆరోదానికండీ?
శివారు, అన్నాను.

వేలు ఫోను మీదే ఆగిపోయింది.
"మాదీ శివారేనండి, అల్లవరం అవతల.
దాళ్వాలో మా నాన్న లాకుల దగ్గరికి పోయేవాడు
రాత్రిళ్ళు, సైకిలు వెనకాల అరటిగెల కట్టుకుని."

నేనేమీ అనలేదు.
గెలలు వచ్చిన మాట నిజం.
కొన్ని రాత్రులు షట్టరు రెండు చుట్లు ఎత్తాను.
కొన్ని రాత్రులు గెల పుచ్చుకుని కూడా ఎత్తలేదు.
తెల్లారి రిజిస్టరులో గేజీ అంకె
ఎప్పుడూ ఒక్కలాగే ఉండేది.

ఒకటి నుంచి ఆరు దాకా వదిలి చూశాం.
అరటి తాగింది, కంద తాగింది, మల్లె మరీ తాగింది.
ఆరో వంతు వచ్చేసరికి ట్యాంకు అడుగంటింది.
పంపరపనస దగ్గర గొట్టం మూడు చుక్కలు రాల్చి
గాలి ఊదింది.

"పెద్ద ట్యాంకు పెట్టించుకోండి" అంది.
వద్దమ్మా. ముందు దాన్ని తాగనీ.
"డబ్బా ఒకటితోనే మొదలెడుతుందండి."
అయితే దాన్నే ఒకటి చెయ్యి.

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది.
స్క్రూ వదులు చేసి, ఆరో కన్నంలోని నీలం తీగ లాగి
మొదటి కన్నంలో బిగించింది.
పేర్లు కూడా మార్చింది.

పోయేటప్పుడు స్కూటీ వెనకాల
చక్రకేళి గెల ఒకటి కట్టాను.
"ఇదెందుకండీ?" అంది.
ముడి సరిగ్గా పడలేదన్నట్టు
చాలాసేపు దాన్నే బిగిస్తూ నిలబడ్డాను.

తెల్లారుజాము నాలుగున్నరకి
పెరట్లో ఎక్కడో టక్కుమంది.
కాలువ అలవాటు, నిద్ర తెలివొచ్చేసింది.
టార్చి వేసుకుని కంచె దాకా నడిచాను.
అక్కడ ఎవరూ నిలబడి లేరు.
పాదు నిండి, లుంగీ అంచు తడిసింది.

జేబులో ఫోను వణికింది.
శివారు: ఇరవై నిమిషాలు. పూర్తయింది.
ఇంట్లోకి వెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకుని
మళ్ళీ చదివాను.